బీమా కంపెనీ వస్తే చిన్న ఆసుపత్రులకు బిల్లులు సమయానికి అందుతాయా?

నమస్కారమండి. ఆంధ్రలో ఒక 30 పడకల ఆసుపత్రిలో బిల్లింగ్ చూస్తాను. 2024 ఎన్నికల్లో కూటమి ప్రతి కుటుంబానికి 25 లక్షల ఆరోగ్య బీమా ఇస్తామని హామీ ఇచ్చింది. 2025 సెప్టెంబరులో మంత్రివర్గం ఆమోదించిన విధానం ప్రకారం 2.5 లక్షల వరకు బీమా కంపెనీ, ఆపైన ఎన్టీఆర్ వైద్య సేవా ట్రస్టు చెల్లించాలి. మాకొచ్చే కేసులన్నీ దాదాపు 2.5 లక్షల లోపువే. అంటే మా డబ్బంతా కంపెనీ చేతుల మీదుగానే రావాలి.

తమిళనాడులో ప్రభుత్వ పథకం బీమా కంపెనీ ద్వారానే నడుస్తోంది కదా. అక్కడ పనిచేసినవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి: క్లెయిము డబ్బు ఎన్ని రోజుల్లో వస్తుంది? కోతలు ఎక్కువా? ముందు అనుమతి ఇచ్చి, పేషెంటు డిశ్చార్జి అయ్యాక తిరస్కరిస్తే ఆ భారం ఎవరిది? నర్సుల జీతాల గురించి ఆలోచిస్తే చాలా టెన్షన్‌గా ఉంది.