అల్పాచమానమా, అల్పాచమనమా?

గోదారిగట్టు: అమెరికా వ్యోమగామి అలన్ షెపర్డ్ గురించి ఎప్పుడో ఓ వారపత్రికలో చదివిన వాక్యం సగమే గుర్తుంది: "...రాకెట్టెక్కాక అల్పాచమానానికి తావేదీ?" ముందు ముక్క ఎవరికైనా తెలుసా? 1961 మే 5 నాటి ముచ్చట. ప్రయాణం పావుగంటే కదా అని మూత్రానికి ఏ ఏర్పాటూ చేయలేదు. ప్రయోగం ఆలస్యమై, గంటల తరబడి వెల్లకిలా పడుకుని పడుకుని, చివరికి సూట్‌లోనే కానిచ్చాడు.

మాస్టారు: వాక్యం సరే, ఆ 'మా' ఎక్కణ్ణించి వచ్చింది? గమనం, వమనం, ఆచమనం. అల్పాచమనమే సాధువు.

ఓరుగల్లు: బడిలో వేలు చూపించి మీరు 'అల్పాచమనం' అనే అడిగారా మాస్టారూ? జనం నోట 'మా'యే నిలిచింది. మా దిక్కు ఒంటికి పోతరు, ఏ లొల్లీ లేదు.

తాళపత్రం: అనుమానం, అవమానం సావాసంతో దీర్ఘం వచ్చిందని నా ఊహ. కానీ అంతరిక్షానికి మాస్టారి రూపమే అతుకుతుంది. అక్కడ మూత్రాన్ని శుద్ధి చేసి మళ్ళీ తాగుతారు, అచ్చంగా ఆచమనమే! 2023లో స్పేస్ స్టేషన్‌లో వాడిన నీటిలో 98 శాతం తిరిగి రాబట్టారు.

నల్లమల: లఘుశంకని వదిలేశారేం? భారం తెలియని చోట మూత్రం మూత్రాశయం అడుగుకి దిగదు. దాదాపు నిండేదాకా వెళ్ళాలనిపించదు, గడియారం చూసుకుని వెళ్ళాలి. శంకే లేదు, ఇక లఘువేమిటి, గురువేమిటి?

మాస్టారు: చమత్కారం బాగుంది. 'మా'కి జవాబు కాదు.

ఓరుగల్లు: అక్కడ కిడ్నీలో రాళ్ళు పడతాయంటారు, ఆపుకున్నందుకేనా?

నల్లమల: అసలు కారణం ఎముకలు. బరువు మోసే పని లేక వాటిలోని కాల్షియం మూత్రంలోకి దిగుతుంది, పైగా నీళ్ళు తక్కువ తాగుతారు. 1982లో సోవియట్ల అంతరిక్ష కేంద్రం సాల్యూట్-7లో ఒకాయన రాయి నొప్పితో విలవిల్లాడాడు. స్పేస్ స్టేషన్‌లో మూత్రం శుద్ధిచేసే యంత్రం కూడా కాల్షియం సల్ఫేట్ పేరుకుని మొరాయించింది.

తాళపత్రం: రాళ్ళూ, నీళ్ళ కరువూ అంటే శ్రీనాథుడి పల్నాటి చాటువే. 'చిన్న చిన్న రాళ్ళు'!

మాస్టారు: అది శ్రీనాథుడిదేనని ఎవరు తేల్చారు?

తాళపత్రం: మొదలెట్టారా! మరి గుక్కెడు నీళ్ళ కోసం శివుణ్ణి గంగని వదిలెయ్యమన్న పద్యమో?

మాస్టారు: అదీ ఆయన పేర చెలామణీ అవుతోంది, అంతే. వేరే పోస్టు పెట్టండి, అక్కడికొస్తాను.