నకిలీ మాత్రలు అమ్మినవారిపై ఏ కేసు అవుతుంది, ఎవరు పెట్టాలి?

రాజోలు ఆడపడుచు
మా అమ్మ వాడే బీపీ మాత్రలు ఒక షాపులో సగం ధరకే దొరుకుతున్నాయని మా వదిన తెచ్చింది. స్ట్రిప్ వెనుక రేకు మీది బ్యాచ్ నంబరు బొటనవేలితో రుద్దితే చెరిగిపోతోంది. పాత స్ట్రిప్ పక్కన పెట్టి చూస్తే కంపెనీ పేరులో ఒక అక్షరం తేడాగా ఉంది. అమ్మకు బీపీ దిగడం లేదు. అమ్మినవారిపై ఏ కేసు అవుతుంది, ఎవరికి ఫిర్యాదు చేయాలి, ఈలోగా అమ్మకు ఏం ఇవ్వాలి అన్నది తెలిసినవారు చెప్పగలరు.

అమలాపురం మందుల షాపు
ఇలాంటి కబురు రాగానే అందరూ చిల్లర షాపువాడినే దొంగను చేస్తారు. లైసెన్సున్న హోల్‌సేల్ వారి దగ్గర బిల్లుతో కొన్న పెట్టెలో నకిలీ సరుకు కలిస్తే మేమెలా కనిపెట్టగలం? 1940 నాటి ఔషధాల చట్టంలో 19(3) అని ఒక సెక్షన్ ఉంది. బిల్లు ఉన్నవాడికి శిక్ష లేదు.

భీమవరం వకీలు
ఈ చట్టం కింద నడిచే కేసులు షాపుల తరఫున వాదించినవాణ్ణి కనుక చెబుతున్నాను, ఆ సెక్షన్‌ను మీరు సగమే చదివారు. బిల్లు ఒక్కటే చాలదు. ఆ మందు నకిలీదని తమకు తెలియదనీ, తగిన జాగ్రత్త తీసుకున్నా తెలుసుకోగలిగేది కాదనీ, కొన్న స్థితిలోనే సరిగా నిల్వ ఉంచామనీ నిరూపించుకోవలసిన భారం షాపువారిదే. రేకు మీది అచ్చు చేతికి అంటుకునే సరుకును సగం ధరకు అమ్మినవాడు జాగ్రత్త తీసుకున్నానని ఏ నోటితో అంటాడు? వేరొక కంపెనీ సరుకుగా చలామణి చేసిన మందు అదే చట్టంలోని సెక్షన్ 17బి కింద నకిలీయే. దానికి 27(సి) ప్రకారం కనీసం 7 ఏళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం. జరిమానా 3 లక్షల రూపాయలు లేదా పట్టుబడిన సరుకు విలువకు మూడింతలు, ఏది ఎక్కువైతే అది.

తణుకు రైతు
శిక్షల సంగతి తరువాత, ముందు కేసు కట్టేవారెవరు? మా పెదనాన్నగారికి అమ్మిన షుగరు మాత్రలు పట్టుకుని పోలీస్ స్టేషనుకు వెళితే ఇది మా పని కాదని పంపేశారు. మనిషి ప్రాణంతో ఆడుకున్నవాడి మీద ఎఫ్‌ఐఆర్ రాయని పోలీసులు ఇంక దేనికండీ?

పాలకొల్లు విశ్రాంత ఉద్యోగి
ఔషధ నియంత్రణ శాఖలోనే నా ఉద్యోగమంతా గడిచింది. ఆ చట్టం కింద ఎఫ్‌ఐఆర్ నమోదు చేసే అధికారం పోలీసులకు లేదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో తేల్చి చెప్పింది. డ్రగ్ ఇన్‌స్పెక్టరే నమూనా తీసి, భాగాలు చేసి, సీలు వేసి, ఒకటి షాపువారికి ఇచ్చి, మరొకటి ప్రభుత్వ ల్యాబుకు పంపి, నివేదిక వచ్చాక కోర్టులో ఫిర్యాదు వేయాలి.

భీమవరం వకీలు
అయ్యా, ఆ తీర్పునే పూర్తిగా చదవండి. వేరే చట్టం కింద నేరం కూడా ఉంటే పోలీసులకు అడ్డులేదని అందులోనే ఉంది. మోసానికి, పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 318 ఉంది, కల్తీ మందు అమ్మకానికి 277 ఉంది. తణుకు వారిని స్టేషను నుంచి ఉత్త చేతులతో పంపడం తప్పే.

పాలకొల్లు విశ్రాంత ఉద్యోగి
277 కింద శిక్ష ఎంత ఉంటుందో కూడా చెప్పండి మరి. నెలల్లో ఉంటుంది. చిన్న సెక్షన్ పట్టుకుని పోలీసులు హడావుడి చేస్తే, పద్ధతిగా నమూనా తీయకుండా చేసిన స్వాధీనం వల్ల అసలు కేసే కోర్టులో వీగిపోతుంది. వాదించడం వేరు, సాక్ష్యం కూర్చడం వేరు.

మండపేట నాన్న
మా అబ్బాయి ఉండే అమెరికాలో నకిలీ నొప్పి మాత్రల్లో ఫెంటనిల్ అనే చాలా బలమైన మత్తుమందు కలుపుతున్నారు. అలాంటి మాత్ర వల్ల మనిషి చనిపోయాడని రుజువైతే అక్కడి ఫెడరల్ చట్టం కింద కనీసం 20 ఏళ్లు. మన దగ్గర ప్రాణానికి ముప్పు తెచ్చే నకిలీకి 27(ఎ) కింద కనీసం 10 ఏళ్లేనట, ఇది చాలునా?

నరసాపురం నర్సు
ఇంతమంది ఇన్ని సెక్షన్లు రాశారు, ఆ తల్లి గురించి ఒక్కరూ మాట్లాడలేదు. అమ్మా, బీపీ మాత్ర ఒక్కసారిగా మానేయనివ్వకండి. ఈ రోజే వైద్యుడికి బీపీ చూపించి, ఆ మందునే నమ్మకమైన చోట బిల్లుతో కొనండి. 2023 ఆగస్టు తరువాత తయారైన 300 ప్రధాన బ్రాండ్లకు క్యూఆర్ కోడ్ తప్పనిసరి, మీది ఆ జాబితాలోదైతే స్కాన్ చేసి చూడండి. అనుమానపు స్ట్రిప్‌లో మిగిలినవి అలాగే ఉంచండి, పారేయకండి.

అమలాపురం మందుల షాపు
అసలు ఆవిడ దగ్గర బిల్లు ఉందా? లేకపోతే ఫలానా షాపులో కొన్నారనడానికి ఆధారమేది?

రాజోలు ఆడపడుచు
బిల్లు అడిగితే సగం ధరకు ఇస్తున్నాం కదా అన్నారట. ఫోన్‌లో డబ్బు పంపిన వివరం మాత్రం ఉంది.

పాలకొల్లు విశ్రాంత ఉద్యోగి
అది ముద్రించి దగ్గర పెట్టుకోండి. డాక్టరు చీటీ మీద అమ్మే మందుకు బిల్లు ఇవ్వకపోవడం కూడా నిబంధనల ఉల్లంఘనే. మీ ప్రాంతపు డ్రగ్ ఇన్‌స్పెక్టరుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, ఆ షాపులో ఉన్న అదే బ్యాచ్ నుంచి నమూనా తీయమని అడగండి. సెక్షన్ 26 కింద రుసుము కట్టి మీరే పరీక్షకు పంపవచ్చు, కాని షాపు అరలో నుంచి ఆయన తీసిన స్ట్రిప్‌కే కోర్టులో బలం ఎక్కువ. సరుకు మాయం కాకముందే, రేపు పొద్దున్నే వెళ్లండి.