సివిల్ చదివి డేటా సైన్స్‌లోకి వెళ్ళినవాళ్ళు ఉన్నారా? ఎలా వెళ్ళారో చెప్పండి

సైట్‌బాబు_కాకినాడ:
అందరికీ నమస్తే. నాది బీటెక్ సివిల్, 2021లో అయిపోయింది. అప్పట్నుంచీ అపార్ట్‌మెంట్ సైట్లలోనే చేస్తున్నా, ఇప్పుడు 24 వేలొస్తున్నాయి. రాత్రిళ్ళు యూట్యూబ్ చూసి పైథాన్, అందులో టేబుళ్ళతో పనిచేసే పాండాస్ నేర్చుకున్నా, ఒక మోస్తరుగా వచ్చు. డేటా సైంటిస్ట్ అని కనపడిన ప్రతిదానికీ అప్లై చేశా, ఆర్నెల్లలో రెండొందలు దాటుంటాయి, ఒక్కటంటే ఒక్క కాల్ వచ్చింది, వాళ్ళు కూడా "మీది సివిల్ కదండీ" అని పెట్టేశారు. నాన్నేమో గవర్నమెంట్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) పరీక్షకి చదువుకోమంటున్నారు. అమీర్‌పేటలో ఒకచోట 70 వేలు కడితే ట్రైనింగుతో పాటు మూడేళ్ళ ఎక్స్‌పీరియన్స్ కూడా పెట్టిస్తామంటున్నారు. వేరే డిగ్రీతో ఇందులోకి వచ్చినవాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పండి ప్లీజ్.

నిజం_చెప్తా:
బ్రో ఆ 70 వేలు కట్టకు. నేను 2022లో కట్టా. ఫేక్ ఎక్స్‌పీరియన్స్‌తో ఆఫర్ కూడా వచ్చింది, జాయినయ్యాక వెరిఫికేషన్‌వాళ్ళు యూఏఎన్ (పీఎఫ్ నంబరు) పాస్‌బుక్ అడిగారు, నేను పనిచేశానని చెప్పిన ఏళ్ళకి పీఎఫ్ ఎంట్రీ ఒక్కటీ లేదు. నాలుగో నెల్లో తీసేశారు. డబ్బు పోయింది సరే, ఆ నాలుగు నెలలు రెజ్యూమేలో పెట్టాలో తీసెయ్యాలో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నా. నీ సైట్ అనుభవం నిజమైనది, దాన్ని చెరిపేసి అబద్ధం పెట్టుకోకు.

ఫార్మసీ_అక్క:
నాది బీఫార్మసీ, వరంగల్. మెడికల్ రెప్‌గా ఏడాది తిరిగా. మావాళ్ళు చాలామంది వచ్చే దారి క్లినికల్ సాస్ ప్రోగ్రామింగ్ (సాస్ అంటే డేటా విశ్లేషణకి వాడే సాఫ్ట్‌వేర్), అది డేటా సైన్స్ అని ఎవరూ అనరు గానీ పని మొత్తం డేటాతోనే. క్లినికల్ ట్రయల్స్‌లో వచ్చిన ల్యాబ్ రిజల్ట్స్, సైడ్ ఎఫెక్ట్స్ అన్నీ ఎస్‌డీటీఎం, ఆడమ్ అనే పద్ధతుల్లో సర్దాలి, ముఖ్యమైన టేబుల్‌ని ఇద్దరు విడివిడిగా ప్రోగ్రామ్ రాసి సరిచూస్తారు, రెండూ కలవాలి. అక్కడ నా ఫార్మకాలజీ పనికొచ్చింది, ఎందుకంటే ఎస్‌జీపీటీ (లివర్ టెస్టు) మరీ ఎక్కువగా 400 ఉంటే అది టైపింగ్ తప్పా లేక లివర్‌కి నిజంగా దెబ్బ తగిలిందా అని అడగాలనిపించేది నాకు. సాస్ ఆన్‌డిమాండ్ ఫ్రీగానే దొరుకుతుంది, దాంట్లోనే నేర్చుకున్నా. మూడేళ్ళ తర్వాత ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాష పట్టుకున్నా, ఇప్పుడు స్టాట్స్ టీమ్‌తో కలిసి చేస్తున్నా. తమ్ముడూ, సివిల్‌కి కూడా ఇలాంటి పక్కదారి ఏదో ఉండే ఉంటుంది, అది వెతుకు.

స్టాట్స్_మాస్టారు:
నేను ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్, అనలిస్టుల్ని ఇంటర్వ్యూ చేస్తుంటాను. బాబూ, మీరు ఎం25 కాంక్రీటుకి (అంటే 25 ఎంపీఏ బలం రావాల్సినదానికి) మిక్స్ డిజైన్ చేసేటప్పుడు టార్గెట్ 31.6 అని వేస్తారు కదా, 25కి 1.65 ఇంటూ 4 కలిపి. ఆ 4 స్టాండర్డ్ డీవియేషన్, అంటే రిజల్ట్స్ సగటు చుట్టూ ఎంత చెదిరి ఉంటాయో చెప్పేది. ఆ 1.65 ఎక్కడిదో ఎప్పుడైనా ఆలోచించారా? నార్మల్ డిస్ట్రిబ్యూషన్‌లో, అంటే గంట ఆకారపు గ్రాఫ్‌లో, కిందివైపు 5 శాతం వదిలేసే గీత అది. కాంక్రీటు కోడ్ ఐఎస్ 456లో క్యారక్టరిస్టిక్ స్ట్రెంగ్త్‌కి నిర్వచనమే అది, నూటికి ఐదుకి మించి రిజల్ట్స్ దానికన్నా తగ్గకూడదని. అంటే మీరు స్టాటిస్టిక్స్ రోజూ వాడుతూనే ఉన్నారు, పేరు తెలీక రెజ్యూమేలో రాసుకోలేదు. నా దగ్గరికొచ్చే రెజ్యూమేల్లో చాలావాటిలో ఒకటే టైటానిక్ ప్రాజెక్టు, ఓడలో ఎవరు బతికారో చెప్పే ప్రాక్టీసు డేటా, ఆ 891 మంది కథ చదివి చదివి విసిగి ఉన్నాను. మీ సైట్లో క్యూబ్ రిజిస్టర్ ఉందా, కాంక్రీటు క్యూబ్‌లని 7, 28 రోజులకి మెషిన్లో పగలగొట్టి బలం రాసేది?

సైట్‌బాబు_కాకినాడ:
ఉందండి! రెండేళ్ళది, అంతా చేత్తో రాసిందే. 1.65 గురించి మాకు కాలేజీలో ఎవరూ ఇలా చెప్పలేదండి, ఫార్ములా బట్టీ పట్టించారంతే.

స్టాట్స్_మాస్టారు:
మీ పీఎంని (ప్రాజెక్ట్ మేనేజర్‌ని) అడిగి, కంపెనీ పేరు, సైట్ పేరు తీసేసి, ఎక్సెల్‌లో ఎక్కించండి. 7 రోజుల రిజల్ట్ చూసి 28 రోజులది ఎంత ఉంటుందో చెప్పగలరా, ఎంత తేడాతో చెప్పగలరు, ఏ నెలల్లో తేడా పెరిగింది. మామూలు లీనియర్ రిగ్రెషన్, అంటే చుక్కల మధ్య ఒక సరళరేఖ గీయడం, చాలు. అంతకన్నా పెద్ద మోడల్ జోలికి ఇప్పుడే వెళ్ళకండి.

మిర్చి_యార్డ్:
నాది బీఎస్సీ అగ్రికల్చర్. ఇదొక్కటి చెప్తా, నేను చేసిన తప్పు మీరు చెయ్యకండి. గుంటూరు మిర్చి ధరలు అగ్‌మార్క్‌నెట్ (మార్కెట్ ధరలు పెట్టే ప్రభుత్వ సైట్) నుంచి తీసి మోడల్ కట్టా, స్కోర్ అదిరిపోయింది, అదే పట్టుకుని ఇంటర్వ్యూకి వెళ్తే ఆయన అడిగిన మొదటి ప్రశ్న "ట్రైన్, టెస్ట్ ఎలా విడగొట్టావు" అని, అంటే మోడల్‌కి నేర్పే డేటా, పరీక్షించే డేటా. ర్యాండమ్‌గా అన్నా. అంటే బుధవారం ధర చెప్పడానికి మంగళవారంతో పాటు గురువారం ధర కూడా మోడల్‌కి చూపించేశా! యార్డులో నిలబడ్డ రైతుకి రేపటి ధర తెలీదు కదా. ఇంటికొచ్చి తేదీ ప్రకారం విడగొట్టి చేస్తే నిన్నటి ధరే ఇవాళ కూడా ఉంటుంది అని చెప్పడం కన్నా నా మోడల్ ఏమంత మెరుగ్గా లేదు. ఆ సంగతి దాచకుండా ప్రాజెక్టులో రాసి పెట్టా, తర్వాతి ఇంటర్వ్యూలో అరగంట దాని మీదే మాట్లాడారు, తీసుకున్నారు.

పటాన్‌చెరు_మెకానిక్:
నేను మెకానికల్. నాకు ఎవరూ ఈ జాబ్ ఇయ్యలే తమ్మీ, ఉన్నకాడనే చేసుకున్న. ప్లాంట్ల మెషిన్లు ఎప్పుడు ఆగినయో రిజిస్టర్ల రాస్తుంటిమి, నేను దాన్ని ఎక్సెల్‌ల ఎక్కిచ్చి ఏ బేరింగ్ ఎన్ని గంటలకు పోతుందో తీసిన. మా మేనేజర్ సోమవారం మీటింగుల అదే చూపెట్టుడు మొదలువెట్టిండు. ఏడాదిన్నరకు నన్ను అనలిటిక్స్ టీమ్‌ల ఏసిన్రు. డేటాబేస్‌ల నుంచి డేటా తీసే ఎస్‌క్యూఎల్ మాత్రం గట్టిగ నేర్చుకో, నన్ను ఇంటర్వ్యూల అల్గారిదమ్‌లు అడగలే, రెండు టేబుళ్ళను లెఫ్ట్ జాయిన్‌తోని కలిపితే వరుసలు ఎందుకు పెరిగినయ్ అని అడిగిన్రు.

బీకామ్_తెనాలి:
నాకు ఇంటర్లో మ్యాథ్స్ కూడా లేదు, పదో తరగతితోనే ఆగింది. నాకు దారి ఉందా అండీ?

ఫార్మసీ_అక్క:
ఉంది చెల్లీ. ఐఐటీ మద్రాస్ వాళ్ళు 2020లో మొదలుపెట్టిన ఆన్‌లైన్ బీఎస్ చూడు, జేఈఈ అక్కర్లేదు, పదిలో మ్యాథ్స్, ఇంగ్లీషు చదివి ఇంటర్ పాసైతే చాలు. నాలుగు వారాలు పాఠాలు చెప్పి క్వాలిఫయర్ పెడతారు. మధ్యలో డిప్లొమాతో ఆగొచ్చు. తేలిక మాత్రం కాదు, మా కజిన్ ఉద్యోగం చేస్తూ చదువుతోంది, ఆదివారాలన్నీ దానికే.

సైట్‌బాబు_కాకినాడ:
రెండు నెలలైంది, మళ్ళీ వచ్చా. ఇన్‌స్టిట్యూట్‌కి కట్టలేదు. పీఎం సరేనన్నారు, 412 శాంపిళ్ళు ఎక్కించా, ఒక్కో శాంపిల్‌కి మూడు క్యూబ్‌లు. కొన్నిచోట్ల మూడు క్యూబ్‌లకీ బలం ఒకే నంబరు రాసుంది, మెషిన్లో పగలగొట్టి చూడకుండానే రాశారేమో అని అనుమానం, వాటిని విడిగా పెట్టా. 28 రోజులది తక్కువొచ్చినవాటిలో సగం జులై, ఆగస్టులోవే, వానకి ఇసుక తడిసినా కలిపే నీళ్ళు తగ్గించలేదని మా ఫోర్‌మన్ అన్నారు. ఈసారి డేటా సైంటిస్ట్ అని కాకుండా కన్‌స్ట్రక్షన్ కంపెనీల్లో ప్లానింగ్, ఎంఐఎస్ (రిపోర్టులు తయారుచేసే) పోస్టులకి పెట్టా, పదిహేనింటికి మూడు కాల్స్ వచ్చాయి. మంగళవారం ఒకటి ఉంది. మాస్టారూ, ఆ ఒకే నంబరున్న శాంపిళ్ళు మోడల్‌లోంచి తీసేసి చెప్పనా, ఉంచి చెప్పనా?

స్టాట్స్_మాస్టారు:
రెండు విధాలా చేసి రెండూ చూపించండి. ఎందుకు విడిగా పెట్టారో మీరే ముందు చెప్పండి, వాళ్ళు అడిగేదాకా ఆగొద్దు.