ఇంటి వర్క్‌షాప్‌కి బలమైన వైర్ డ్రిల్: వాట్లు చూడాలా, గేర్లు చూడాలా?

ఇనుము_చెక్క (చర్చ మొదలుపెట్టినవారు)

ఇంట్లో ఒక గది ఖాళీ చేసుకుని చిన్న వర్క్‌షాప్ పెట్టుకున్నాను. టేబుల్ కాళ్లకీ, స్టాండ్లకీ ఇనప యాంగిల్, ఫ్లాట్ ముక్కలు కోసి, బెజ్జాలు వేసి, బోల్టులు బిగిస్తుంటాను. 8 ఎంఎం మందం పట్టీలో 12 ఎంఎం బెజ్జం నాకు రోజూ ఉండే పని. మందపాటి చెక్కలో హోల్ సా (పెద్ద గుండ్రటి బెజ్జం కోసే గిన్నెలాంటి రంపం) కూడా నడపాలి. గోడకి ఎప్పుడైనా రెండు బెజ్జాలు, అంతే.

ఇప్పుడున్న 10 ఎంఎం చక్ (బిట్‌ని పట్టే మూతి) డ్రిల్‌లో, కాడ సన్నగా చేసిన 12 ఎంఎం బిట్ పెట్టి లాక్కొస్తున్నాను. ఇక దానివల్ల కావడం లేదు. మోటారు దగ్గర కాలిన వాసన, బిట్ కొస నీలం రంగు. కొత్తది వైర్‌తో నడిచేదే కొంటాను, అందులో రెండో ఆలోచన లేదు. ఏ రకం అన్న దగ్గరే ఆగిపోయాను.

ఒకటి, 1100 వాట్ల ఇంపాక్ట్ డ్రిల్, అంటే గోడ కోసం తిరుగుతూ కొట్టేది కూడా. ఒకే గేరు, ఖాళీగా తిరిగేటప్పుడు 3000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు). రెండోది, ఇంపాక్ట్ లేని 700 వాట్ల డ్రిల్. దీనికి రెండు గేర్లు: కింది గేరులో 1000, పై గేరులో 2700. రెండిటికీ 13 ఎంఎం చక్కే. వాట్లు ఎక్కువున్నదే బలమైనదని నా లెక్క. మా బావ మాత్రం రెండోదే తీసుకోమంటున్నాడు. ఎందుకని అడిగితే సరిగ్గా చెప్పలేకపోతున్నాడు. మీరేమంటారు?

పవర్_ముందు

వాట్లు ఎక్కువున్నదే తీసుకోండి. 400 వాట్ల తేడా చిన్నది కాదు. వాట్లు పెరిగితే లోపల ఆర్మేచర్ (మోటారులో తిరిగే, తీగ చుట్టిన భాగం) పెద్దదవుతుంది, రాగి ఎక్కువ పడుతుంది, వేడిని ఓర్చుకునే శక్తి పెరుగుతుంది. స్పీడు తగ్గించుకోవడానికి ట్రిగ్గర్ ఉండనే ఉంది, కొద్దిగా నొక్కితే మెల్లగా తిరుగుతుంది. నా దగ్గరున్నది ఒకే గేరు 1000 వాట్ల డ్రిల్, ఆరేళ్లయింది. చెక్కలో ఎంత లావు బిట్ పెట్టినా ఇంతవరకు ఆగలేదు. చిన్నది కొని, ఏడాది తిరక్కుండా మళ్లీ పెద్దది కొనే పరిస్థితి తెచ్చుకోకండి.

పాత_ఫిట్టర్

చెక్క సంగతి వేరు, ఇనుము సంగతి వేరు. అడిగినవారి పనిలో ఎక్కువ భాగం ఇనుమే.

ముందు బిట్‌కి ఎంత స్పీడు కావాలో చూద్దాం. మామూలు మైల్డ్ స్టీల్‌లో హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) బిట్ అంచు నిమిషానికి 25 నుంచి 30 మీటర్లు నడిస్తే సుఖంగా కోస్తుంది. ఆ మీటర్లను 1000తో హెచ్చించండి. బిట్ వ్యాసాన్ని ఎంఎంలలో తీసుకుని 3.14తో హెచ్చించండి. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే ఆర్‌పీఎం వస్తుంది. 12 ఎంఎం బిట్‌కి అది 660 నుంచి 800 దాకా. 6 ఎంఎం బిట్‌కి దానికి రెట్టింపు. స్టెయిన్‌లెస్ స్టీల్ అయితే ఇందులో సగమో, ఇంకా తక్కువో ఉండాలి. 50 ఎంఎం హోల్ సాని ఇనుములో పెడితే 160 నుంచి 190 మధ్య ఉండాలి. మీ బిట్ కొస నీలం రంగుకి మారిందంటే మోటారుకి బలం చాలకపోవడం ఒక్కటే కారణం కాదు. స్పీడు ఎక్కువై, అంచు లోహాన్ని కోయకుండా దాని మీద రాసుకుంటూ కాలిపోయింది.

ఇక బలం. డబ్బా మీద రాసే వాట్లు డ్రిల్ కరెంటు లైను నుంచి తీసుకునేవి. బిట్ దాకా చేరేది సుమారుగా సగం. మిగతాది వేడికి, ఫ్యానుకి, గేర్ల రాపిడికి పోతుంది. బిట్ దగ్గరి వాట్లను 9.55తో హెచ్చించి ఆర్‌పీఎంతో భాగిస్తే తిప్పే బలం న్యూటన్ మీటర్లలో వస్తుంది. మీ 1100 వాట్ల డ్రిల్ లోడ్ మీద 1800 దగ్గర తిరుగుతోందనుకోండి. 550ని 9.55తో హెచ్చించి 1800తో భాగిస్తే సుమారు 2.9. 700 వాట్లది కింది గేరులో లోడ్ మీద 600 దగ్గర తిరుగుతోందనుకుంటే 350 వాట్లకి సుమారు 5.6. తక్కువ వాట్ల డ్రిల్ దాదాపు రెండింతల బలంతో తిప్పుతోంది, అదీ 12 ఎంఎం బిట్‌కి నప్పే స్పీడుకి దగ్గర్లో.

మీ బావగారు చెప్పలేకపోయింది ఇదే. ఆయన మాట వినండి.

పవర్_ముందు

ఫిట్టర్ గారూ, లెక్క బాగుంది, ఒక్క చోట మాత్రం ఒప్పుకోను. 1100 డ్రిల్‌ని 1800 దగ్గరే ఎందుకు ఆపేశారు? దాని లోపల ఉండేది యూనివర్సల్ మోటారు. లోడ్ పెరిగి స్పీడు పడిపోయేకొద్దీ అది ఇంకా గట్టిగా తిప్పుతుంది. పూర్తిగా ఆగిపోయే చోట దాని బలం అన్నిటికంటే ఎక్కువ. అదే డ్రిల్ 600కి దిగినప్పుడు మీ 2.9 కంటే చాలా ఎక్కువే ఇస్తుంది. ఆ బలం నేను చేత్తో పట్టుకుని చూసిందే.

వైండింగ్_బల్ల

నేను మోటార్లు రిపేరు చేస్తాను, డ్రిల్లుల ఆర్మేచర్లు చుడతాను. పవర్ గారు చెప్పింది నిజం, ఆ బలం వస్తుంది. అది ఎంతసేపు వస్తుందన్నది చూడాలి.

డ్రిల్ మోటారు లోపల నిమిషానికి ఇరవై వేల చుట్లకు పైగా తిరుగుతుంది. దాన్ని చల్లబరిచే ఫ్యాను ఆర్మేచర్ ఇరుసు మీదే ఉంటుంది, విడిగా ఏమీ ఉండదు. మోటారు నెమ్మదించిన క్షణంలోనే గాలి తగ్గిపోతుంది. సరిగ్గా అప్పుడే మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంటుంది. వేడి పెరిగే సమయం, గాలి తగ్గే సమయం ఒకటే. ఒకే గేరు డ్రిల్‌ని ఇనుములో 600కి దింపి రెండు నిమిషాలు నొక్కిపట్టండి, పైన చెయ్యి పెట్టలేరు. అలా పది బెజ్జాలు వేస్తే వైండింగ్ మీది ఇన్సులేషన్ నల్లబడటం మొదలవుతుంది. కమ్యుటేటర్ (కార్బన్ బ్రష్‌లు రాసుకునే రాగి చుట్టు) మీద నిప్పురవ్వలు గుండ్రంగా తిరగడం కనిపిస్తే ఆర్మేచర్ చివరి దశకి వచ్చిందని అర్థం.

ట్రిగ్గర్ మాటా ఇలాంటిదే. ట్రిగ్గర్ లోపలి ఎలక్ట్రానిక్స్ కరెంటు అలలో కొంత భాగాన్ని కోసేస్తాయి. స్పీడు తగ్గుతుంది, దానితోపాటు మోటారుకి అందే శక్తీ తగ్గుతుంది. గేరు అలా చేయదు. మోటారుని దాని స్పీడులో దాన్ని తిరగనిచ్చి, చివర చక్ దగ్గర స్పీడుని తగ్గించి ఆ మేరకు బలం పెంచుతుంది. లోడ్ పడినా స్పీడు నిలబెట్టే ఫీడ్‌బ్యాక్ సర్క్యూట్ కొన్ని డ్రిల్లులలో ఉంటుంది. అది మంచిదే, గేరుకి మాత్రం బదులు కాదు.

చర్చలో రాలేదు కాబట్టి ఇదీ చెప్పాలి. చాలామంది మంచి డ్రిల్ కొని, సన్నటి తీగతో చేసిన పొడవాటి ఎక్స్‌టెన్షన్ పెట్టి వాడతారు. తీగలో వోల్టేజీ పడిపోతుంది, డ్రిల్ నీరసంగా తిరుగుతుంది, తప్పు డ్రిల్ మీదకి పోతుంది. 1000 వాట్ల డ్రిల్ 230 వోల్టుల మీద నాలుగు ఆంపియర్లకు పైగా లాగుతుంది, బిగిసినప్పుడు ఇంకా చాలా ఎక్కువ. కనీసం 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వాడండి. రీలుకి చుట్టి ఉన్నదైతే పూర్తిగా విప్పి వాడండి. చుట్టలోనే ఉంచితే వేడి బయటికి పోక కరిగిపోతుంది.

బ్యాటరీ_చాలు

ఇంత టెన్షన్ ఎందుకు, ఇప్పటి 18 వోల్టుల బ్రష్‌లెస్ (కార్బన్ బ్రష్‌లు లేని మోటారు) బ్యాటరీ డ్రిల్లులకి 60, 100 న్యూటన్ మీటర్లని రాస్తున్నారు. మీరు 5.6 గురించి మాట్లాడుకుంటున్నారు.

పాత_ఫిట్టర్

ఆ 60, 100 అన్నవి చక్ బిగిసి ఆగిపోయే క్షణంలో వచ్చే అంకెలు. నేను చెప్పిన 5.6 తిరుగుతూ, కోస్తూ నిలకడగా ఇచ్చేది. రెండిటినీ పక్కపక్కన పెట్టి పోల్చలేం. ఇంకో లెక్క చూడండి. 18 వోల్టుల 5 ఆంపియర్ అవర్ బ్యాటరీలో ఉండేది 90 వాట్ అవర్లు. 500 వాట్ల చొప్పున లాగితే పదకొండు నిమిషాలు కూడా రాదు. స్క్రూలకీ, నిచ్చెన మీది పనికీ బ్యాటరీ డ్రిల్ లాంటి సుఖం లేదు, నేనూ వాడతాను. వరసగా ముప్పై బెజ్జాలు వేసే రోజున వైరే నమ్మకం.

గోడ_పని

ఇంపాక్ట్ గురించి ఎవరూ మాట్లాడలేదు. ఇంపాక్ట్ డ్రిల్‌లో పళ్లున్న రెండు బిళ్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కి దిగుతూ కొడతాయి. నిమిషానికి వేలకొద్దీ దెబ్బలు, ఒక్కో దెబ్బలో బలం మాత్రం తక్కువ. ఇటుకకి సరిపోతుంది. కాంక్రీటులో మీరే భుజం పెట్టి తోయాలి. రోటరీ హ్యామర్‌లో గాలి ఒత్తిడితో పిస్టన్ కొడుతుంది, అందుకే చిన్న ఎస్‌డీఎస్ ప్లస్ (గాడులున్న కాడ బిట్లు పట్టే రకం) హ్యామర్ కూడా పెద్ద ఇంపాక్ట్ డ్రిల్‌ని కాంక్రీటులో దాటిపోతుంది.

ఇంపాక్ట్ వాడివాడి బిళ్లలు, ఇరుసు అరిగాక చక్ కొద్దిగా ముందుకీ వెనక్కీ ఆడుతుంది. అలాంటిదానితో ఇనుములో కచ్చితమైన బెజ్జం కష్టం. గోడకి ఎప్పుడైనా రెండు బెజ్జాలే అన్నారు కాబట్టి ఆ రోజుకి హ్యామర్ ఎవరిదైనా అడిగి తెచ్చుకోండి. వర్క్‌షాప్ డ్రిల్‌ని ఇంపాక్ట్ లేకుండా ఉంచుకోండి.

మణికట్టు_బెణికింది

అందరూ బలం పెంచే మార్గమే చెబుతున్నారు. నాకు జరిగింది చెబుతాను, దయచేసి చదవండి.

తక్కువ స్పీడు, ఎక్కువ బలం ఉన్న డ్రిల్‌తో 10 ఎంఎం ప్లేటులో 16 ఎంఎం బెజ్జం వేస్తున్నాను. పక్క హ్యాండిల్ పెట్టుకోలేదు, ఇరుకుగా ఉందని తీసేశాను. బిట్ అవతలికి పొడుచుకుని వచ్చే క్షణంలో దాని అంచు మిగిలిన పల్చటి పొరలో గుచ్చుకుంది. బిట్ ఆగింది, డ్రిల్ తిరిగింది. నా చెయ్యి దానితోపాటు తిరిగింది. లాక్ బటన్ నొక్కి ఉంచాను కాబట్టి ట్రిగ్గర్ వదిలినా ఆగలేదు. మణికట్టు మామూలయ్యేసరికి రెండు నెలలు పట్టింది.

ఒకే గేరు డ్రిల్ అయితే చాలాసార్లు మోటారే ఆగిపోతుంది. కింది గేరులో ఉన్నది ఆగదు, మనల్ని తిప్పుతుంది. బిగిసిన క్షణంలో 40 న్యూటన్ మీటర్లు వచ్చిందనుకుంటే, 20 సెంటీమీటర్ల పక్క హ్యాండిల్ చివర 200 న్యూటన్లు. అంటే ఇరవై కిలోల బరువు ఒక్కసారిగా వేలాడినట్టు. హ్యాండిల్ లేకపోతే అదంతా మణికట్టు మీదే. కాబట్టి రెండు గేర్ల డ్రిల్ కొంటే, బిట్ బిగిసినప్పుడు జారిపోయే సేఫ్టీ క్లచ్ ఉన్నదే చూడండి. అది లేని డ్రిల్ ఎంత బలమున్నా నేను ఎవరికీ చెప్పను.

పాత_ఫిట్టర్

ఈ మాట నేనే ముందు చెప్పి ఉండాల్సింది. క్లచ్ తప్పనిసరి. దానికి తోడు పని ముక్కని వైస్‌లోనో క్లాంపుతోనో బిగించాలి, చేత్తో పట్టుకోకూడదు. బట్ట గ్లవ్స్ వేసుకోకూడదు, బిట్‌కి చుట్టుకుంటే వేళ్లు పోతాయి. అవతలికి వచ్చే ముందు మోటారు శబ్దం మారుతుంది, అక్కడ నొక్కడం తగ్గించండి. 12 ఎంఎంకి ముందు 4 ఎంఎం పైలట్ బెజ్జం, అంటే దారి చూపే చిన్న బెజ్జం వేయండి. పెద్ద బిట్ మధ్యలోని మొండి భాగం కోయదు, నలుపుతుంది. మనం నొక్కే ఒత్తిడిలో చాలా భాగం అక్కడికే పోతుంది. రెండు చుక్కలు కటింగ్ ఆయిల్ వేస్తే బిట్ ఎంతకాలం వస్తుందో మీరే చూస్తారు.

ఇనుము_చెక్క

అందరికీ ధన్యవాదాలు. నిన్న ఒక స్నేహితుడి దగ్గర నుంచి రెండు గేర్ల డ్రిల్ తెచ్చి నా పట్టీ మీదే చూశాను. అదీ సుమారు 700 వాట్లదే, క్లచ్ ఉంది. పైలట్ వేసి, ఆయిల్ వేసి, కింది గేరులో పెట్టాను. నా పాత డ్రిల్‌తో రజను పొడిలా రాలేది. దీనితో పొడుగాటి చుట్టలుగా వచ్చింది. వరసగా ఎనిమిది బెజ్జాలు వేశాను. డ్రిల్ గోరువెచ్చగా ఉంది, బిట్ కొస తెల్లగానే ఉంది. ఒకసారి బిగిసింది, క్లచ్ కటకటమని జారింది, చెయ్యి కదల్లేదు. రెండు గేర్లదే కొంటున్నాను.

ఒక్క సందేహం. తర్వాత దీన్నే స్టాండుకి బిగించి నిలువు డ్రిల్‌లా వాడుకోవచ్చా?

పవర్_ముందు

చుట్టలుగా వచ్చిందంటే ఇక నేను వాదించను, ఇనుముకి మీ ఎంపిక సరైనదే. చెక్క పని ఎక్కువున్నవాళ్లకి మాత్రం నా మాట అదే, పై స్పీడులో వాట్లు పనికొస్తాయి. రెండు గేర్లూ ఉండి 1000 వాట్లు కూడా ఉన్నది దొరికి, దాని బరువు మోయగలిగితే వాదనే లేదు.

వైండింగ్_బల్ల

స్టాండుకి పెట్టుకోవచ్చు. చక్ వెనక గుండ్రటి మెడ 43 ఎంఎం ఉందో లేదో కొలిచి కొనండి. చాలా స్టాండ్లూ, పక్క హ్యాండిళ్లూ ఆ కొలతకే వస్తాయి. కార్బన్ బ్రష్‌లు మార్చడానికి పక్కన మూతలు ఉన్నాయా అనేదీ చూడండి. ఉంటే స్క్రూడ్రైవర్‌తో ఐదు నిమిషాల పని, లేకపోతే బాడీ మొత్తం విప్పాలి. పెద్ద బెజ్జాల మధ్య డ్రిల్‌ని ఖాళీగా, పూర్తి స్పీడులో అర నిమిషం తిప్పండి, లోపలి వేడి బయటికి పోతుంది. వేడి మీద ఉన్నదాన్ని ఉన్నపళంగా ఆపేసి పెట్టెలో పెట్టకండి.