అద్దె ఇంటి అసలు ఖర్చును ముందుగా అంచనా వేయడం ఎలా?

నగరంలో కార్యాలయానికి దగ్గరగా ఉన్న ఒక పేటలో రెండు పడకగదుల ఇల్లు అద్దెకు తీసుకోవాలని చూస్తున్నాము. ప్రకటనలో కనిపించే అద్దె వేరు, నెలనెలా చేతినుంచి పోయే మొత్తం వేరు అని ఇప్పటికే అర్థమైంది కనుక అనుభవజ్ఞుల సలహా కోరుతున్నాను.

ముఖ్యమైన సందేహం నిర్వహణ రుసుము గురించి. లిఫ్టు, కాపలా, మెట్ల దగ్గర దీపాలు, నీటి మోటారు వంటి వాటికయ్యే ఖర్చును కొందరు యజమానులు అద్దెలోనే కలుపుతున్నారు, కొందరు విడిగా అడుగుతున్నారు. విడిగా అడిగేచోట అది ఏటా పెరుగుతుందా, భవనానికి పెద్ద మరమ్మతు వస్తే ఆ భారం కూడా అద్దెకున్నవారిపైనే పడుతుందా అన్నది ఒప్పందంలో ఎలా రాయించుకోవాలి? ఇంటికి ప్రత్యేక విద్యుత్ మీటరు లేకపోతే బిల్లును ఏ లెక్కన పంచుకోవడం న్యాయం?

ఇక అడ్వాన్సు. ఖాళీ చేసేటప్పుడు రంగులకని, శుభ్రతకని అందులో కోత పెడతారని చాలామంది చెబుతున్నారు. చేరిన రోజే గోడలు, కుళాయిలు, తలుపుల ఫొటోలు తీసి యజమానికి పంపితే సరిపోతుందా, లేక ఇద్దరూ సంతకం చేసిన జాబితా ఉండాలా?

ఆదాయంలో 30 శాతానికి మించి అద్దె ఉండకూడదనే మాట తరచూ వినిపిస్తుంది. నా దృష్టిలో అది కాస్త మోటు లెక్క, ఎందుకంటే దూరంగా దొరికే చవక ఇంట్లో మిగిలినదంతా ప్రయాణ ఖర్చులకే పోవచ్చు. ఒక పేటలో నిజంగా నడుస్తున్న అద్దెలు తెలుసుకోవడానికి, బ్రోకర్ల మాట కాక, అక్కడ అద్దెకుంటున్నవారిని అడగడం తప్ప నమ్మదగిన మార్గం మరేదైనా ఉంటే దయచేసి తెలియజేయగలరు.