జనవరి విశాఖ కలయిక: ఏర్పాట్ల చర్చ

సమన్వయం, న్యూజెర్సీ

అందరికీ నమస్కారం. క్యాన్సర్ చికిత్స ముగించుకున్న మన ఉత్తరాంధ్ర వాళ్ళకీ, వాళ్ళని చూసుకున్న ఇంటివాళ్ళకీ అమెరికాలోని మన సంఘం తరఫున విశాఖలో చేయబోయే కలయిక గురించి ఇక్కడే మాట్లాడుకుందాం. ఫోన్ సమావేశం మాకు శుక్రవారం రాత్రి 8:30, మీకు శనివారం ఉదయం 7. ఇప్పటికి అనుకున్నది: జనవరి మొదటి ఆదివారం, చికిత్స అయినవాళ్ళు 40 మంది, తోడు వచ్చేవాళ్ళు 20 మంది, వాలంటీర్లం 25 మంది. కమిటీ పెద్దలు పంపిన కార్యక్రమం ఇలా ఉంది: జ్యోతి ప్రజ్వలన, ముఖ్య అతిథుల ప్రసంగాలు, క్యాన్సర్‌ని జయించినవాళ్ళకి శాలువాలతో సన్మానం, పిల్లల నృత్యాలు, భోజనం. విశాఖలో ఉన్నవాళ్ళు ఏం మార్చాలో చెప్పండి.

కౌన్సెలింగ్ జట్టు, విశాఖ

అన్నయ్యా, సన్మానం తీసేయించండి. ఇది మొహమాటం లేకుండా చెప్పాల్సిన మాట.

చికిత్స జరిగినన్నాళ్ళూ మనిషి చుట్టూ జనం ఉంటారు. మూడు వారాలకోసారి కీమో, పక్క మంచం వాళ్ళతో పరిచయం, పేరు పెట్టి పిలిచే నర్సు, ఫోన్ చేసే చుట్టాలు. డాక్టరుగారు ‘ఇక మూడు నెలలకి రండి’ అన్న రోజుతో అవన్నీ ఒక్కసారి ఆగిపోతాయి. ఇంట్లోవాళ్ళు ‘అయిపోయింది కదా’ అనుకుంటారు, వంటా ఉద్యోగం మళ్ళీ మీదికొస్తాయి. ఒంట్లో మాత్రం ఏదీ అయిపోదు. నీరసం నెలల తరబడి, కొందరికి ఏళ్ళ తరబడి ఉంటుంది. కీమో వల్ల అరికాళ్ళు తిమ్మిరెక్కి చెప్పు జారిపోయినా తెలియదు. చెప్పిన మాట మర్చిపోతుంటారు. స్కాన్ తేదీ దగ్గరపడితే నిద్ర పట్టదు. అలాంటి మనిషిని వేదికెక్కించి ‘జయించారు’ అని శాలువా కప్పాక, ‘నాకు భయంగా ఉంది’ అని ఆవిడ ఇంకెక్కడ అంటుంది? జబ్బు తిరగబెట్టినవాళ్ళు కూడా అదే హాల్లో ఉంటారు. వాళ్ళేమో ఓడిపోయినట్టా?

వాళ్ళకి కావలసింది అదే దారిలో నడిచిన ఇంకో మనిషి పక్కన కూర్చుని వినడం. అందుకని గుండ్రంగా కుర్చీలు వేసుకునే చిన్న బృందాలు పెడదాం. ఒక్కోదానికి పదిమంది, అంతకు మించొద్దు. పన్నెండు దాటితే ఇద్దరు ముగ్గురే మాట్లాడతారు, మిగతావాళ్ళు సభలో ఉన్నట్టు కూర్చుంటారు. 40 మందికి నాలుగు బృందాలు, తోడు వచ్చినవాళ్ళకి విడిగా రెండు, అన్నీ ఒకే సమయంలో. భర్త ఎదురుగా భార్య తన అలసట చెప్పుకోలేదు, రోగి ఎదురుగా కొడుకు అప్పుల మాట ఎత్తలేడు. రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల బృందాల్లో నిర్వాహకులు ఆడవాళ్ళే ఉండాలి.

ఒక్కో బృందానికి ఇద్దరు నిర్వాహకులు, మొత్తం 12 మంది. ఇద్దరెందుకంటే, ఎవరైనా ఏడుస్తూ బయటికి వెళ్తే ఒకరు వెంట వెళ్ళాలి, రెండోవారు బృందాన్ని ఆగిపోనివ్వకూడదు. ‘మీ కథ చెప్పండి’ అని మొదలుపెడితే మొదటి మనిషే అరగంట తీసుకుంటుంది. ‘చికిత్స అయ్యాక ఇలా ఉంటుందని మీకు ఎవరూ ముందుగా చెప్పని సంగతి ఏంటి?’ అని అడగండి, మాట దానంతటదే కదులుతుంది. ఎవరూ మాట్లాడకపోతే కంగారుపడి ఆ ఖాళీ నింపొద్దు. 90 నిమిషాలు, మధ్యలో పది నిమిషాల విరామం.

నియమాలు మూడు చాలు. ఇక్కడ విన్నది ఇక్కడే ఉండాలి. మందుల సలహాలు, ఆకు పసర్ల ప్రచారం వద్దు. జబ్బు ఎలా వచ్చిందని ఎవరూ ఎవర్నీ అడక్కూడదు. మూడోది మన ప్రాంతంలో మరీ ముఖ్యం. శ్రీకాకుళం, విశాఖ తీర గ్రామాల్లో చుట్టని నిప్పువైపు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు ఆడవాళ్ళలో ఉంది, అంగిలి క్యాన్సర్‌కి అది తెలిసిన కారణం. వాళ్ళని ఊరంతా ‘నువ్వే తెచ్చుకున్నావు’ అనేసి ఉంటుంది. మళ్ళీ మన దగ్గర ఆ ప్రశ్న వస్తే రెండోసారి రారు.

వేదిక, రవాణా

మేడమ్ చెప్పినట్టు బృందాలైతే ఆడిటోరియాలు పనికిరావు. కళాభారతి, గురజాడ కళాక్షేత్రం సభలకి బాగుంటాయి, కానీ వరస కుర్చీల మధ్య గుండ్రంగా కూర్చోలేం. కల్యాణమండపమే మేలు. జనవరి మొదటి వారం ధనుర్మాసం, పెళ్ళి ముహూర్తాలుండవు కాబట్టి మండపాలు ఖాళీగా ఉంటాయి, బేరం కూడా కుదురుతుంది. సంక్రాంతి వారం పెట్టుకుంటే బస్సుల్లో నిలబడే చోటు ఉండదు. ప్రపంచ క్యాన్సర్ దినం, అంటే ఫిబ్రవరి 4 దగ్గర పెడితే ఆసుపత్రి సిబ్బంది వాళ్ళ కార్యక్రమాల్లో ఉంటారు, మనకి దొరకరు.

ఎంవీపీ కాలనీ వైపు చూస్తున్నాను. శ్రీకాకుళం, విజయనగరం బస్సులు మధురవాడ, హనుమంతవాక మీదుగా వస్తాయి, ఇసుకతోటలోనో మద్దిలపాలెంలోనో దిగితే ఆటో దగ్గరే. మహాత్మాగాంధీ క్యాన్సర్ ఆసుపత్రి కూడా ఎంవీపీలోనే కాబట్టి చాలామందికి దారి తెలుసు. అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి చుట్టుపక్కల నుంచి, అనకాపల్లి నుంచి వచ్చేవాళ్ళకి మాత్రం దూరం. గాజువాక నుంచి ఒక మినీ బస్సు పెడదాం, ఎన్‌ఏడీ కూడలి దగ్గర ఆపి ఎక్కించుకుంటాం. రైల్లో క్యాన్సర్ రాయితీ ఉంది కదా అని కొందరు అడుగుతున్నారు. అది చికిత్సకీ, తిరుగు పరీక్షలకీ చేసే ప్రయాణానికే. మన కలయికకి వాడుకోమని ఎవరికీ చెప్పొద్దు.

మండపం చూసేటప్పుడు నేను అడగబోయేవి: ఆరు బృందాలకి ఆరు చోట్లు. హాలు రెండు చివర్లలో రెండు, మధ్యలో కనీసం 25 అడుగులు ఉండాలి, లేకపోతే ఒకరి ఏడుపు ఇంకొకరికి వినిపిస్తుంది. భోజనాల గదిలో రెండు, విడిది గదుల్లో రెండు. అన్నీ ఒకే అంతస్తు, లేదంటే పనిచేసే లిఫ్టు. పాశ్చాత్య పద్ధతి మరుగుదొడ్లు ఆ అంతస్తులోనే కనీసం రెండు. పొత్తికడుపుకి కరెంటు (రేడియేషన్) పెట్టించుకున్నవాళ్ళకి ఆపుకునే వీలుండదు. మలమూత్రాల కోసం పొట్టకి సంచి ఉన్నవాళ్ళకి తలుపు వెనక కొక్కెం, సామాను పెట్టుకోవడానికి చిన్న బల్ల, మూత ఉన్న చెత్తబుట్ట, ధారగా నీళ్ళు కావాలి. ఈ నాలుగూ మండపాల్లో ఉండవు, మనమే తీసుకెళ్ళాలి. కుర్చీలు చేతులున్నవే, 72. పది మెత్తలు అదనంగా.

నర్సింగ్ వాలంటీరు

రెండు విషయాలు. పేరు బిళ్ళలకి పిన్నులు వాడొద్దు, చేతికి పట్టీలు కట్టొద్దు. ఛాతీ దగ్గర పోర్టు (మందు ఎక్కించడానికి చర్మం కింద అమర్చే చిన్న పరికరం) ఉన్నవాళ్ళు, శస్త్రచికిత్స జరిగినవాళ్ళు ఉంటారు. చంకలో గ్రంథులు తీసిన వైపు చెయ్యి వాచే అవకాశం ఉంది కాబట్టి బిగుతు పట్టీ కూడదు. అంటించే కాగితం చాలు, దాని మీద పేరు మాత్రమే, జబ్బు పేరు వద్దు. బరువు సంచుల కానుకలు కూడా వద్దు.

స్వరపేటిక తీసేసినవాళ్ళ గొంతు దగ్గర రంధ్రం ఉంటుంది. అగరుబత్తి, సాంబ్రాణి ధూపం, చీపురు దుమ్ము నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఊడ్చడం ముందురోజు రాత్రే అయిపోవాలి, ధూపం అసలే వద్దు. వాళ్ళ బృందంలో రాసి చూపించడానికి కాగితాలు, పెన్ను ఉంచండి.

ఆహ్వానాలు

ఆహ్వాన పత్రం ఇంటికి పంపే ముందు తోడున్న మనిషికి ఫోన్ చేసి అడగాల్సిన మొదటి ప్రశ్న: ‘జబ్బు పేరు వారికి తెలుసా?’ మన ఇళ్ళల్లో చాలాచోట్ల రోగికి గడ్డ అని మాత్రమే చెప్తారు. తెలియనివాళ్ళని పిలిస్తే ఆ నిజం మన హాల్లో బయటపడుతుంది, ఆ పని మనది కాదు. అలాంటి ఇంటి నుంచి తోడు మనిషిని ఒక్కరినే పిలుద్దాం.

కూతురి సంబంధం చెడిపోతుందని బయటికి చెప్పనివాళ్ళు కూడా ఉన్నారు. అందుకని గేటు దగ్గర ఫ్లెక్సీ మీద క్యాన్సర్ అన్న మాట ఉండకూడదు. సంఘం పేరు, ‘ఆత్మీయ కలయిక’ అని రాస్తే సరిపోతుంది. ఫోటోలు బృందాల్లో పూర్తిగా బంద్. కమిటీకి ఫోటో కావాలంటే ఖాళీ హాలూ వాలంటీర్లూ చాలు.

భోజనాలు

85 మందికి లెక్క కట్టాను. పొద్దున్న 9:30కి ఇడ్లీ మనిషికి మూడు చొప్పున 255, రాగి జావ 13 లీటర్లు, దానికి పిండి 800 గ్రాములు. మధ్యాహ్నం 12కి పెసరపప్పు కిచిడీ: బియ్యం 4 కిలోలు, పప్పు 2 కిలోలు. పెరుగన్నానికి బియ్యం 3 కిలోలు, పెరుగు 5 లీటర్లు, పాలు 3 లీటర్లు. మెత్తగా మగ్గిన బీరకాయ కూర, కాయలు 7 కిలోలు. ఎండుమిర్చి, చింతపండు, వేపుళ్ళు బాధితుల వరసలో ఉండవు. నోటికి కరెంటు పెట్టించుకున్నవాళ్ళకి లాలాజలం ఊరదు, కారం పులుపు మంటపెడతాయి, పొడి అన్నం గొంతు దిగదు. కిచిడీ చల్లారేకొద్దీ గట్టిపడుతుంది, వంటవాళ్ళు దీన్ని పట్టించుకోరు. మరిగించిన నీళ్ళు మూడు లీటర్లు పక్కనుంచి వడ్డించే ముందు పలచన చేయమని నేనే నిలబడి చెప్తాను. నోరు పూర్తిగా తెరుచుకోనివాళ్ళకి టీ చెంచాలు 30. ముక్కు గొట్టం ఉన్నవాళ్ళకి విడిది గదిలో చాటు, కాచి వడగట్టిన జావ. సిరంజీ వాళ్ళే తెచ్చుకోవాలి, ఆహ్వానం ఫోన్‌లోనే చెప్పండక్కా.

కోసిన పచ్చి కూరలు, ఐసు నీళ్ళు వద్దు. ఈమధ్యే కీమో అయినవాళ్ళలో రోగనిరోధకత తక్కువ, కొన్ని మందుల తర్వాత చల్లటిది తగిలితే గొంతు పట్టేస్తుంది. కొబ్బరి చట్నీ పదిన్నర దాటితే తీసేస్తాం.

కోశాధికారి, న్యూజెర్సీ

డబ్బు విషయంలో ఒక జాగ్రత్త. మన సంఘం అమెరికాలో నమోదైనది, అంటే భారత చట్టం లెక్కలో విదేశీ మూలం. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) నమోదు లేని స్థానిక ట్రస్టు ఖాతాలో విరాళం వేస్తే వాళ్ళు చిక్కుల్లో పడతారు. నమోదు ఉన్న సంస్థకి ఇచ్చినా, 2020 సవరణ తర్వాత వాళ్ళు దాన్ని మరో సంస్థకి బదిలీ చేయకూడదు. అందుకని మండపానికీ క్యాటరర్‌కీ వాళ్ళ బిల్లు మీద నేరుగా చెల్లిద్దాం, వ్యాపారంగా చేసిన సేవకి కట్టే సొమ్ము వేరు. భారత పాస్‌పోర్టు ఉన్న సభ్యులు తమ సొంత డబ్బు ఇస్తే అది విదేశీ విరాళం కిందికి రాదు. పౌరసత్వం మారినవాళ్ళది వస్తుంది. విశాఖ ఆడిటరుగారికి కాగితాలు చూపించాకే మొదటి చెల్లింపు.

సమన్వయం, న్యూజెర్సీ

కమిటీతో మాట్లాడాను. సన్మానం, నృత్యాలు తీసేశారు. ముఖ్య అతిథి కూడా లేరు. ఒక పెద్దాయన అడిగారు: ఇంత ఖర్చు పెట్టి ఒక పూట మాట్లాడుకుని వెళ్ళిపోతే ఏం మిగులుతుందని.

కౌన్సెలింగ్ జట్టు, విశాఖ

ఆ పెద్దాయన అడిగింది న్యాయం అన్నయ్యా. జనవరి సమావేశం ఒక్కటే అయితే నిజంగానే ఏమీ మిగలదు. మనసు విప్పి చెప్పుకున్నాక మళ్ళీ పలకరించేవాళ్ళు లేకపోతే ముందుకంటే ఒంటరిగా అనిపిస్తుంది. అందుకే శాలువాలూ వేదిక అలంకరణా మానేయగా మిగిలిన డబ్బు వచ్చే ఏడాది డిసెంబరు దాకా ప్రతి నెలా రెండో శనివారం చిన్న బృందాలకి వాడాలి. మొదటి తేదీ, చోటు కాగితం మీద పెద్ద అక్షరాలతో అచ్చేసి ఇంటికి వెళ్ళేటప్పుడు చేతికివ్వాలి. నోటితో చెప్తే మర్చిపోతారని పైనే రాశాను.

రెండోది జతలు. చికిత్స అయి కనీసం ఏడాది దాటినవారిని కొత్తవారికి జత చేస్తాం. అదే రకం చికిత్స, దగ్గర వయసు, ఆడవాళ్ళకి ఆడవాళ్ళు. ఇద్దరి ఒప్పుకోలు లేకుండా నంబరు ఇవ్వం. మొదటి నెలలో రెండు ఫోన్లు తప్పనిసరి. జత మనుషులకి కలయికకి ముందే, ఈ డిసెంబరులో రెండు పూటల శిక్షణ. ‘నాకు తగ్గింది, నీకూ తగ్గుతుంది’ అనకుండా ఉండటమే అందులో కష్టమైన పాఠం. అవతలివారి జబ్బు వేరేగా ఉండొచ్చు, మాట తప్పితే నమ్మకం మొత్తం పోతుంది.

వాట్సాప్ గ్రూపు ప్రకటనలకే, నిర్వాహకులు మాత్రమే రాయగలిగేలా. తెరిచి ఉంచితే వారంలో వంటసోడా వైద్యాలు, చక్కెర మానేస్తే గడ్డ కరుగుతుందనే వీడియోలు నిండిపోతాయి. స్మార్ట్‌ఫోన్ లేనివాళ్ళకి మామూలు ఫోన్.

ఎవరైనా చనిపోతే ఆ వార్త గ్రూపులో మొదట పెట్టకూడదు. జత మనిషికి, బృందంలో దగ్గరివాళ్ళకి ఒక్కొక్కరికీ నిర్వాహకులే ఫోన్ చేసి చెప్పాలి. తర్వాతి శనివారం మొదటి పావుగంట ఆ మనిషి గురించే. మాట మార్చేస్తే, రేపు తన గురించీ ఇలాగే మార్చేస్తారని ప్రతి ఒక్కరికీ అనిపిస్తుంది.

ఇక కలతని కొలవడం. 0 నుంచి 10 దాకా గీతలున్న థర్మామీటరు బొమ్మ ఇచ్చి, గత వారం ఎంత కలతగా గడిచిందో గుర్తు పెట్టమంటాం. చదువు రానివారు వేలు పెట్టి చూపిస్తే చాలు. 4 గానీ అంతకుమించి గానీ వస్తే అదే రోజు కౌన్సెలర్ విడిగా మాట్లాడాలి. చచ్చిపోవాలని ఉందన్న మాట ఏ రూపంలో వచ్చినా ఆ మనిషిని ఒంటరిగా వదలొద్దు. తోడువాళ్ళకి చెప్పి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ 14416కి అక్కడినుంచే ఫోన్ కలపండి. తెలుగులో మాట్లాడతారు, రాత్రీ పగలూ ఉంటారు. చినవాల్తేరు ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఎంవీపీకి దగ్గరే, ఆ రోజు ఒక కారు దానికోసం విడిగా ఉంచాలి.

వేదిక, రవాణా

కారు నాది పెట్టుకోండి మేడమ్, డ్రైవరుతో సహా. మండపాలు ఈ ఆదివారం మూడు చూస్తాను.

సమన్వయం, న్యూజెర్సీ

సరే. సమయాలు ఖాయం: 9:30 టిఫిను, 10:15 బృందాలు, 11:45 ముగింపు, 12 భోజనం, 1 నుంచి 1:45 డాక్టరుగారితో చీటీల మీద రాసిన ప్రశ్నలు, రిపోర్టులు చూడరు. 2కి బస్సులు. భోజనాల గదిలోని రెండు బృందాలు 11:45 దాటితే వడ్డన ఆలస్యమవుతుంది, అక్కడి నిర్వాహకులు గుర్తుంచుకోవాలి. ఇంకా దొరకాల్సింది: మగవారి బృందానికి ఒక నిర్వాహకుడు, ఒడియా మాట్లాడగల వాలంటీరు ఒకరు. ఒడిశా సరిహద్దులోని ఇచ్ఛాపురం వైపు నుంచి వస్తామని ఇద్దరి పేర్లు వచ్చాయి, వాళ్ళకోసం. తెలిసినవారుంటే శనివారం కాల్ లోపు ఇక్కడ రాయండి.