పాత బ్రేయర్ గుర్రానికి మళ్లీ రంగు వేస్తే తప్పా?

పొణికికర్ర:
జుమ్మేరాత్ బజార్‌లో పాత సామాన్ల గుట్టలో ఒక బ్రేయర్ దొరికింది, అదే, అమెరికా కంపెనీ ప్లాస్టిక్ బొమ్మ గుర్రం. ట్రెడిషనల్ సైజు, అంటే అసలు గుర్రంలో తొమ్మిదో వంతు. వెనక కాలి లోపలివైపు కంపెనీ ముద్ర ఉంది. తెల్ల గుర్రమే కానీ పసుపెక్కింది, చెవి కొన విరిగింది, ముందు కాలు లోపలికి వంగింది. చెవి కొన మళ్లీ చేసి నల్ల రంగు వేద్దామనుకుంటున్నా. పాత రంగు నెయిల్ పాలిష్ రిమూవర్‌తో తీయొచ్చా?

మలక్‌పేట_సవారీ:
తీయొద్దమ్మా. 1950లో షికాగోలో పోసిన మొదటి గుర్రం నుంచి ఇప్పటిదాకా కలెక్టర్లు చూసేది ఫ్యాక్టరీ ఫినిషే. రంగు వేశారంటే విలువ పోయినట్టే.

కూకట్‌పల్లి_కుర్రాడు:
అక్కా, రిమూవర్ జోలికి పోకండి. ఆ గుర్రం సెల్యులోజ్ అసిటేట్ అనే ప్లాస్టిక్. రిమూవర్‌లోని అసిటోన్ తగిలితే రంగుతో పాటు గుర్రమూ కరుగుతుంది.

పొణికికర్ర:
అసిటోన్ లేని రిమూవర్ దొరుకుతుందిగా?

కూకట్‌పల్లి_కుర్రాడు:
అందులో చాలావరకు ఇథైల్ అసిటేట్ ఉంటుంది. అదీ నమ్మలేం. పాత రంగు తీయకుండా సన్న ఎమెరీ కాగితంతో రుద్ది పైన ప్రైమర్ కొట్టండి. కాలు వేడినీళ్లలో ముంచితే మెత్తబడుతుంది, సరిచేసి వెంటనే చన్నీళ్లలో పెట్టండి.

మలక్‌పేట_సవారీ:
ఎమెరీ కాగితమా! పసుపు పోవాలంటే ఎండలో పెడితే చాలు.

కూకట్‌పల్లి_కుర్రాడు:
మే నెలలో మన డాబా మీదా సార్? మిగిలిన మూడు కాళ్లూ వంగుతాయి.

గోల్కొండ77:
ప్లాస్టిక్ గుర్రానికి ఇంత గొడవా? హాయిగా నిర్మల్ బొమ్మ కొనుక్కోండి.

పొణికికర్ర:
దానికి మాత్రం రంగు వేయరా ఏంటి? సవారీ గారూ, నేను అమ్మడానికి చేయట్లేదు. విలువతో నాకేం పని?

మలక్‌పేట_సవారీ:
అందరూ అదే అంటారు. ఒకాయన ఒరిజినల్ ఫినిష్ అని ఫొటోలు పంపాడు. డబ్బు పంపా, కస్టమ్స్ డ్యూటీ విడిగా కట్టా. ఇంటికొచ్చాక డెక్క దగ్గర గోటితో గీస్తే నలుపు కింద గోధుమ రంగు! అడిగితే, నా దగ్గరికి వచ్చినప్పుడే అలా ఉందన్నాడు. రేపు మీ గుర్రం చేతులు మారితే దాని సంగతి ఎవరు చెప్తారు?

పొణికికర్ర:
పొట్ట కింద నా సంతకం, సంవత్సరం ఉంటాయి. మిమ్మల్ని మోసం చేసింది అమ్మినవాడు, రంగు కాదు. అయినా మీ బాధ అది కాదని నాకు తెలుసు. పోయిన కలెక్టర్ల మీట్‌లో నా గుర్రాల్ని చెప్పుల స్టాండ్ పక్క బల్ల మీద పెట్టించింది మీరే కదా?

కూకట్‌పల్లి_కుర్రాడు:
అయ్యో, అది మీ బల్లా అక్కా? నేను పిల్లలు ఆడుకోవడానికి పెట్టారనుకున్నా.

మలక్‌పేట_సవారీ:
ఎక్కడైనా షోల్లో ఒరిజినల్ ఫినిష్ వేరు, కస్టమ్, అంటే మళ్లీ రంగు వేసి మార్చినవి వేరు. నేను కనిపెట్టిన రూలు కాదు.

పొణికికర్ర:
వేరుగా పెట్టండి, కాదన్నానా? షోల్లో కస్టమ్‌కి కూడా జడ్జి ఉంటాడు, బహుమతి ఉంటుంది. మీరు నా బల్ల దగ్గరికి ఒక్కసారైనా వచ్చారా? బయటి నుంచి తెప్పించుకునే స్తోమత ఉన్నవాళ్లదే హాబీ, విరిగింది కొని బాగుచేసుకునేవాళ్లది టైంపాస్. మీ లెక్క ఇంతేగా?

గోల్కొండ77:
ఇప్పుడొచ్చింది అసలు సంగతి.

మలక్‌పేట_సవారీ:
నేను అలా అనలేదు. హాల్లో ఫ్యాన్ కింద ఒక్క బల్లకే చోటుంది.

పొణికికర్ర:
అయితే ఈసారి ఫ్యాన్ కింద కస్టమ్ పెట్టండి. మీ ఒరిజినల్స్ చెప్పుల దగ్గర.

మలక్‌పేట_సవారీ:
అక్కడ ఎండ పడుతుందమ్మా.